రేకు గోడ

రివర్స్ వేసినప్పుడల్లా
రాళ్ళు నమిలిన చప్పుడు.
కెమి ఊళ్ళో ఫిబ్రవరి, బయట మైనస్ ఇరవైనాలుగు.
అద్దె గ్యారేజీలో గంటకింత అని డబ్బు తినే హీటరు,
దాని పక్కన నేను, నా పక్కన
ముగ్గురు యజమానులు మూడు బుద్ధులతో మార్చిన వోల్వో.

ఇంజను దానిది కాదు.
గేర్‌బాక్సు వేరే దేశపు కారుది.
రెంటికీ మధ్య ఎవరో చేత్తో కోసిన అల్యూమినియం పలక,
పెళ్ళిళ్ళ పేరయ్యలా
అటు నాలుగు బోల్టులు, ఇటు ఆరు మాట్లాడుతూ.
క్లచ్ ఒక్కటే కొత్తది. నేనే వేశాను,
రెండింతల గట్టి స్ప్రింగుతో.
పాతది ఎన్నడూ ఇలా అరవలేదు.
ఆ ముక్క అప్పుడే చెవికెక్కి ఉండాల్సింది.

మొదట గొట్టంలో గాలి ఉందన్నాను.
మూడుసార్లు తీశాను, బుడగైనా రాలేదు.
స్లేవ్ సిలిండర్ మార్చాను,
జీతం రాగానే మాస్టర్ సిలిండరూ మార్చాను.
అప్పుడిక
ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టినట్టు
రెండు రాత్రుల్లో రెండుసార్లు గేర్‌బాక్సు దించాను,
నలభై కిలోలు, ఒక్కదాన్నే, ఛాతీ మీదికి.
బేరింగు బాగుంది. ఫోర్కు వంగలేదు.
ప్లేటు నన్ను చూసి మెరిసింది, అంతే.

పెడల్‌కీ సీటుకీ మధ్య చెక్క బిగించి
కింద పడుకుని కొలిచాను.
కడ్డీ పదకొండు మిల్లీమీటర్లు జరిగింది,
జరగాల్సింది పదహారు.
గోడ మీద పెన్సిల్‌తో రాసుకున్నాను: పదకొండు.
మిగతా అయిదూ దారిలో ఎవరో
జేబులో వేసుకుంటున్నారు.
చెక్క నొక్కుతుంది,
చెప్పదు.

తలుపు తన్నుకుంటూ హిల్కా వచ్చింది, పక్క కొట్టు ఆవిడ.
"యొన్నా, నీ హీటరు వల్ల ఫ్యూజు పోయింది,
నా ఫ్రీజర్లో దుప్పి మాంసం కరుగుతోంది."
"ఈ చలిలోనా?"
"కరగదులే. అడగాలి కదా."

ముప్పై ఒక్కేళ్ళు కాగితం మిల్లులో చేసిన మనిషి.
ఒక చెవి మెషీను తినేసింది.
ఏ రోలరు చెడిందో బూటు అడుగునుంచి పసిగట్టేదట.
వచ్చిన మనిషిని వదల్లేదు నేను,
కూర్చోబెట్టి పెడల్ చూపించాను.
బూట్లు విప్పింది. ఊలు మేజోళ్ళు,
బొటనవేలి దగ్గర ఎర్ర దారంతో అతుకు.

కిందనుంచి అరిస్తే వినపడదు,
అందుకని స్పానరు భాష:
నేల రేకు మీద ఒక దెబ్బకి నొక్కాలి, రెండు దెబ్బలకి వదలాలి.
నాలుగోసారి కాలు ఆగిపోయింది.
"నీ గోడ నాతోపాటు వస్తోంది" అంది.
"ఏ గోడ?"
వినపడలేదు. అయినా జవాబిచ్చింది:
"కాలి ముందుది."

బానెట్ ఎత్తి దీపం పట్టాను.
ఆవిడ నొక్కింది.
మాస్టర్ సిలిండర్ చుట్టూ రేకు
కప్ప గొంతులా ఉబ్బింది.
వదిలింది. అణిగింది.
నల్ల రంగు కింద పుట్టీ, పుట్టీ కింద పగులు,
పేరు తెలియని ఏ యజమానో
మంచివాడిలా కప్పిపెట్టి అమ్మిన పగులు.
గట్టి స్ప్రింగు గట్టిగా అడిగింది,
పలచని గోడ వంగి దండం పెట్టింది.
నేనేమో వారం నుంచి కారు కింద దొంగని వెతుకుతున్నాను.

శనివారం మూడు మిల్లీమీటర్ల పలక అతికాను.
వెల్డింగు అందంగా లేదు. ఉండనీ,
తర్వాత కొనేవాడికి కనపడాలి.
రివర్స్ వేశాను.
తెరిచి ఉన్న సొరుగు మూసినట్టు పడింది.
చప్పుడు లేకపోవడాన్ని
ఆవిడ అరికాలు నేలకానించి విన్నది,
ఇంకోసారి వెయ్యమంది,
ఇంకోసారి.

గోడ మీద పదకొండు కొట్టేసి పదహారు రాశాను.
పొద్దున వచ్చి చూస్తే
దాని కింద ఇంకో చేతిరాత:
ఫ్యూజు, రెండు యూరోల నలభై.